లోపలికి వెళ్ళాకే తలుపు వెయ్యి

అమ్మలూ,

చైనాలో డాక్టరు చదువుకి నీకు వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. క్లాసులు ఇంగ్లిష్‌లోనే కదా, చైనీస్ మాట్లాడటం వస్తే చాలు, రాయడం ఎందుకు అన్నావట. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. వార్డుల్లోకి వెళ్ళాక పేషెంటు మాట్లాడేదీ, కేసు షీటు మీద ఉండేదీ చైనీసే. అక్కడి తియాన్జిన్ నగరంలో పదకొండేళ్ళు ఉన్నదాన్ని, నా మాట విను.

చైనా అక్షరాన్ని ముగ్గులా చూసి దించెయ్యకు. ఏ గీత ముందు, ఏది తర్వాత అనే వరసని అక్కడ 'బీషున్' అంటారు. మొదట్లో నేనూ పట్టించుకోలేదు. అప్పటి బటన్ ఫోన్లలో గీతలకి ఐదు మీటలుండేవి: అడ్డం, నిలువు, ఎడమకి వాలేది, చుక్క, మలుపు. ఒక రాత్రి మీ అన్నయ్యకి ఒళ్ళు కాలిపోతోంది. మందు ఉందా అని పక్కింటావిడకి మెసేజ్ పెట్టాలి. 'మందు' అక్షరానికి నెత్తిన గడ్డి గుర్తు ఉంటుంది: ఒక అడ్డగీత, దాన్ని కోస్తూ రెండు నిలువులు. నేను నిలువులు ముందు నొక్కాను. ఎన్నిసార్లు నొక్కినా ఆ అక్షరం రాలేదు. చివరికి పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్ళి ఆవిడ తలుపు కొట్టాను. మర్నాడే గళ్ళ పుస్తకం కొన్నాను.

సూత్రాలు తక్కువే. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. అడ్డం, నిలువు కోసుకునే చోట అడ్డమే ముందు. 'నీళ్ళు', 'చిన్న' లాంటి వాటిలో నడిమి గీత ముందు, అటూ ఇటూ తర్వాత. 'నోరు' అచ్చం డబ్బాలా ఉంటుంది, కానీ మూడే గీతలు: ఎడమ నిలువు ఒకటి, పెన్ను ఎత్తకుండా పైనా కుడీ కలిపి ఒకటి, అడుగున ఒకటి. 'దేశం' అక్షరంలో ఆ డబ్బా పెద్దదై, లోపల 'జేడ్ రాయి' అక్షరం ఉంటుంది. అడుగు గీత వెయ్యకముందే లోపలిదంతా రాసెయ్యాలి. ముందు ఇంట్లోకి వెళ్ళు, తర్వాత తలుపు వెయ్యి అని పిల్లలకి నేర్పుతారు.

నువ్వు డాక్టరువి కాబోతున్నావు కాబట్టి జబ్బు గుర్తుని అన్నిటికంటే ముందు పట్టు. జబ్బు, నొప్పి, క్యాన్సర్, అన్నిటికీ అదే. నెత్తిన చుక్క, కింద అడ్డగీత, దాని ఎడమ కొస నుంచి కిందికి వాలే పొడవు గీత, ఆ వాలుకి బయటివైపు ఓ చుక్క, దాని కింద పైకి విసిరే చిన్న గీత. మొత్తం ఐదు. ఆ ఆఖరిదాన్ని కిందికి లాగకు, కుడివైపు పైకి విసురు. పెన్ను ఎక్కడ లేస్తుందో అటుపక్కనే అక్షరంలో మిగతా భాగం మొదలవుతుంది.

డాక్టర్లు గబగబా రాసేటప్పుడు గీతలు ఎలా పడితే అలా కలవవు, వరసలోనే కలుస్తాయి. నీటి గుర్తుకి మూడు చుక్కలు. వేగంగా రాస్తే రెండోదీ మూడోదీ ఒకే గీత అయిపోతాయి. వరస చేతికి వచ్చినవాళ్ళు దాన్ని ఇట్టే చదువుతారు. అచ్చు అక్షరాలే చూసినవాళ్ళకి అది పిచ్చిగీత.

మనకి గుండ్రటి రాత అలవాటు. సున్నాలు చుట్టిన చెయ్యి మూలల్ని కూడా చుట్టేస్తుంది. మూల దగ్గర ఒక్క క్షణం ఆగి, కాస్త నొక్కి, తిప్పు.

రోజుకి ఐదు అక్షరాలు చాలు. ఒకేదాన్ని ఇరవైసార్లు దిద్దితే నాలుగోసారికే మనసు ఎటో పోతుంది. మూడుసార్లు చూసి రాయి, పుస్తకం మూసి ఒకసారి, పడుకోబోయే ముందు ఇంకోసారి. గీత పేరు పైకి అంటూ రాయి: 'హెంగ్' అంటే అడ్డం, 'షూ' నిలువు, 'పియె' ఎడమకి వాలేది, 'నా' కుడికి వాలేది. జపాన్ వాళ్ళ వీడియోలు చూసి నేర్చుకోకు, 'కుడి' అక్షరం వాళ్ళకి వాలుగీతతో మొదలవుతుంది, చైనాలో అడ్డగీతతో. 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న చైనా ప్రమాణంలో 8105 అక్షరాలకి వరస ఇచ్చారు. అనుమానం వస్తే అదే చూసుకో.

వీలైనప్పుడు పొద్దున్నే పార్కుకి వెళ్ళు. పెద్దవాళ్ళు కర్రంత బ్రష్షు నీళ్ళలో ముంచి నాపరాళ్ళ మీద రాస్తుంటారు. పక్కన నిలబడి, తడి ఆరేలోపు గీత ఎక్కడ ఎత్తుకున్నారో, ఎక్కడ ఆపారో చూడు.

మొదటివారం నువ్వు రాసిన పేజీ ఫోటో తీసి పంపితే నాకు వరసేమీ తెలియదు. రాస్తుండగా వీడియో తీసి పంపు.

మీ పెద్దమ్మ