అమ్మ గడ్డలో మైటోకాండ్రియా మ్యుటేషన్.. నాకూ వస్తుందా డాక్టర్?

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్ళు. థైరాయిడ్‌లో గడ్డ ఉందని మొత్తం తీసేశారు, బయాప్సీలో హర్తిల్ సెల్ కార్సినోమా అనే థైరాయిడ్ క్యాన్సర్ అని వచ్చింది. ఇలాంటి గడ్డల్లో మైటోకాండ్రియా డీఎన్ఏ పాడవుతుందని నెట్‌లో చదివా. అది తల్లి నుంచే వస్తుందట కదా, అంటే నాకూ మా పాపకీ వచ్చేసినట్టేనా? నిద్ర పట్టట్లేదు. - ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చూడమ్మా, మీరు చదివిన రెండు ముక్కలూ కరెక్టే, రెండిటినీ కలిపిన చోటే తేడా కొట్టింది. అమ్మ మైటోకాండ్రియా, అంటే కణాల్లో శక్తి తయారుచేసే భాగం, మీకు అండంతోనే వచ్చేసింది, మీరు పుట్టకముందే. గడ్డలోని మార్పు మామూలుగా ఆమె థైరాయిడ్ కణాల్లో ఆ తర్వాతెప్పుడో పుట్టింది, అక్కడ జరిగింది మీ దాకా ఎలా వస్తుంది చెప్పండి?

ఈ డీఎన్ఏ చాలా చిన్నది, 16,569 అక్షరాలు, 37 జన్యువులు, అంతే. కాకపోతే ఒక్కో కణంలో వందలు వేల కాపీలుంటాయి, కొన్ని పాడైనవీ కొన్ని మంచివీ కలిసే ఉంటాయి. ఈ రకం గడ్డల్లో ఎక్కువగా దెబ్బతినేది శక్తి తయారీలో మొదటి మెట్టు, కాంప్లెక్స్ 1 అంటాం. బోరు సరిగ్గా పోయట్లేదని ఇంకో నాలుగు మోటార్లు దించినట్టు, కణం మైటోకాండ్రియాని పెంచుకుంటూ పోతుంది, అవి నిండిపోయి మైక్రోస్కోప్ కింద ఉబ్బి గులాబీ రంగు రవ్వలా కనిపిస్తుంది, పాథాలజిస్ట్ దాన్ని చూసే పేరు పెడతారు. (2022 నుంచి దీన్ని ఆంకోసైటిక్ కార్సినోమా అంటున్నారు, రిపోర్ట్‌లో పేరు మారితే కంగారుపడకండి.) ఇలాంటి కణాలు హషిమోటో (ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్ళలోనూ కనిపిస్తాయి, క్యాన్సర్ లేకుండానే. కాబట్టి నేరమంతా మైటోకాండ్రియా మీదే వేయలేం.

మీకు ఆ డీఎన్ఏ టెస్ట్ అక్కర్లేదు. మెడలో గడ్డ తగిలితే స్కాన్ చేయించుకోండి. ఇంట్లో ఇంకెవరికైనా థైరాయిడ్ క్యాన్సరో, రొమ్ము, గర్భసంచి క్యాన్సరో ఉంటే మాత్రం డాక్టర్‌కి చెప్పండి, అది వేరే లెక్క. మైటోకాండ్రియా బూస్టర్ అని అమ్మే క్యాప్సూల్స్‌కి డబ్బులు తగలెయ్యకండి.

అమ్మకి థైరోగ్లోబ్యులిన్ అనే రక్త పరీక్షా మెడ స్కానూ టైముకి చేయించండి, ఈ కణాలు థైరాయిడ్ క్యాన్సర్‌కి మందుగా ఇచ్చే రేడియో అయోడిన్‌ని అంతగా పీల్చుకోవు కాబట్టి ఆ ఫాలోఅప్ వదలొద్దు. బయాప్సీ రిపోర్ట్‌లో రక్తనాళాల్లోకి పాకిందా లేదా అని ఒక లైన్ ఉంటుంది, ఈసారి వెళ్ళినప్పుడు సర్జన్‌ని ముందు దాని గురించి అడగండి.