బటన్‌కు అంత మర్యాద ఎందుకమ్మా?

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన యూజర్ మాన్యువల్ ప్రింటు తీయించుకుని చదివాను. విషయం బాగా చెప్పావు. కానీ మూడో పేజీలో ఒకే వాక్యంలో యూజరు, సర్వరు, డేటాబేసు, ఆఖరికి బటను కూడా పెద్ద ఏబీసీడీతోనే మొదలయ్యాయి. అందరూ పల్లకి ఎక్కితే మోసేదెవరు?

మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడా లేదు. అందుకేనేమో, ముఖ్యమనిపించిన ప్రతి ఇంగ్లిషు మాటకూ కిరీటం పెట్టేస్తాం. నేనూ పెట్టినవాణ్ణే. థర్మల్ కేంద్రంలో పంపుల మాన్యువల్ రాసినప్పుడు హెచ్చరికలతో పాటు మామూలు సూచనలు కూడా మొత్తం పెద్దక్షరాల్లో కొట్టించాను. ఒక ఫిట్టరు పంపులోకి ద్రవం వచ్చే సక్షన్ వాల్వు తెరవకుండానే పంపు నడిపాడు. సీలు కాలిపోయింది. అడిగితే, "పేజీ అంతా అరుస్తుంటే ఏ మాట వినాలి సార్?" అన్నాడు. మేడారం జాతరలో ప్రతి దుకాణమూ మైకు పెడితే, తప్పిపోయిన పిల్లవాడి పేరు ఎవరికి వినపడుతుంది?

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే ప్రమాణ పత్రం 'మస్ట్', 'షుడ్', 'మే' లాంటి కొన్ని మాటలకు కచ్చితమైన అర్థాలు నిర్ణయించి, వాటిని పొదుపుగా వాడమంది. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 ఇంకో ముడి వేసింది: పూర్తిగా పెద్దక్షరాల్లో ఉంటేనే ఆ ప్రత్యేకార్థం, లేకపోతే మామూలు ఇంగ్లిషే. అంటే అక్కడ అక్షరం సైజు మారితే అర్థమే మారుతుంది. నువ్వేమో 'మే'ను అలంకారం కోసం పెద్దది చేశావు.

ఫైళ్ల పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో 'రీడ్‌మీ' అని పెద్దక్షరాల్లో ఉన్నది ఒక ఫైలు, చిన్నక్షరాల్లో ఉన్నది వేరే ఫైలు. విండోస్‌లో మామూలుగా రెండూ ఒకటే కాబట్టి నీ కంప్యూటర్లో తప్పు బయటపడదు, చదివేవాడి దగ్గర పడుతుంది.

శీర్షికల్లో మొదటి మాటకూ, అసలైన పేర్లకూ పెద్దక్షరం చాలు. తెర మీద బటను పేరు ఎలా ఉంటే అలాగే రాయి. హెచ్‌టీఎంఎల్ లాంటి పొడి అక్షరాలు పెద్దక్షరాల్లోనే ఉండాలి, వాటి జోలికి పోకు. నొక్కి చెప్పాలనుకుంటే బోల్డు ఉంది, అదీ పొదుపుగానే.

ఏడు పేజీల వరకు పెన్సిలుతో సున్నాలు చుట్టాను. కరెంటు తీయకుండా మూత విప్పవద్దన్న వాక్యం ఒక్కటే ముట్టుకోలేదు, అది పెద్దక్షరాల్లోనే ఉండనీ. మిగతా పేజీలు బతుకమ్మకు వచ్చినప్పుడు తీసుకురా.

మీ మామయ్య