పొలిటికల్ సైన్స్‌లో చేరిన అమ్మణ్ణికి

అమ్మణ్ణీ,

ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ సీటు వచ్చిందని మీ నాయన ఫోన్ చేశాడు. సంతోషంగానే చెప్పాడు గానీ, చివర్లో "ఇది చదివితే ఏమొస్తుంది అన్నా?" అని అడిగాడు. గొంతులో టెన్షన్ తెలిసిపోయింది. నెట్ పరీక్ష ఉంది, గ్రూప్స్ ఉన్నాయి, లెక్చరర్ పోస్టులున్నాయి అని వాడికి సర్దిచెప్పాను. నీకు చెప్పాల్సింది వేరే ఉంది. ఇన్నేళ్ళు ఇదే పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి పిల్లలు ఎక్కడ దారి తప్పుతారో నాకు తెలుసు.

ఈ సబ్జెక్టుకు వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే ఒక పక్షం పట్టుకుని వస్తారు. ఇంట్లో ఏ పార్టీ అయితే వాళ్ళదీ ఆ పార్టీయే. ఓటేసేటప్పుడు అది నీ ఇష్టం. పుస్తకం తెరిచినప్పుడు మాత్రం, అవతలివాళ్ళ వాదాన్ని వాళ్ళే విని "అవును, మేమనేది ఇదే" అనేంత బాగా చెప్పగలగాలి. అది వచ్చేదాకా నీ అభిప్రాయం కాగితం మీద పెట్టొద్దు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. ఎం.ఏ.లో ఉండగా తిరుత్తణి మీద, అంటే ఒకప్పుడు మన చిత్తూరు జిల్లాలో ఉండి ఇప్పుడు తమిళనాడులో ఉన్న ఊరి మీద, ఒక వ్యాసం రాశాను. చిన్నప్పటినుంచి మన ఇంట్లో "తిరుత్తణి మనది, అన్యాయంగా పోయింది" అనే మాట విని పెరిగాను. అదే మాట పన్నెండు పేజీలు రాశాను. మా సారు మార్కులు వెయ్యకుండా మార్జిన్‌లో ఎర్రసిరాతో ఒక్క ప్రశ్న రాసి వెనక్కిచ్చారు: "తిరుత్తణిలో ఎవరినైనా అడిగావా?"

ఆ ఆదివారం బస్సెక్కి అక్కడున్న మన చుట్టాల ఇంటికి వెళ్ళాను. అత్త ట్రంకుపెట్టె తెరిచి కాగితాలు చాప మీద పరిచింది. పొలం దస్తావేజు తెలుగులో ఉంది. ఆ తర్వాత కట్టిన పన్ను రసీదులన్నీ తమిళంలో ఉన్నాయి. అత్తకు తెలుగు తప్ప చదవడం రాదు. ఇస్కూల్లో తమిళం చదువుకున్న కొడుకుకు తెలుగక్షరం రాదు. రసీదు వస్తే వాడు ఆమెకు చదివి చెప్పాలి, దస్తావేజు కావాల్సి వస్తే ఆమె వాడికి చదివి చెప్పాలి. ఆ ఇంట్లో ఎవరికీ అన్యాయం అనే మాట నోటికి రాలేదు. పట్టా పేరు మార్పు ఎప్పుడవుతుందన్నదే వాళ్ళ బెంగ.

తిరిగొచ్చాక రెండు పక్షాలూ చదివాను. తమిళుల తరఫున మ.పొ. శివజ్ఞానం తిరుపతి దాకా తమదే అన్నారు. ఉత్తరాన వేంకటం (తిరుమల కొండ), దక్షిణాన కుమరి (కన్యాకుమారి) అని పాత తమిళ వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం ముందుమాట చెప్పిన ఎల్లలు వాళ్ళకు ఆధారం. మనవాళ్ళు ఇక్కడ తెలుగు మాట్లాడే ఊళ్ళను చూపించారు. చివరికి పటాస్కర్ మధ్యవర్తిగా వచ్చి, జిల్లానో తాలూకానో కాకుండా గ్రామాన్ని యూనిట్‌గా తీసుకున్నారు. ఏ భాషవాళ్ళు ఎక్కువ, ఆ ఊరు ఎటువైపు ఆనుకుని ఉంది అని చూశారు. 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది, సత్యవేడు వైపు ఊళ్ళు మనకొచ్చాయి. సత్యవేడు సంగతి మన ఇంట్లో ఒక్కసారీ ఎవరూ ఎత్తలేదు. పోయింది గుర్తుంటుంది, వచ్చింది గుర్తుండదు. ఏ చరిత్ర చదివినా ఈ రెండోదాన్ని వెతుకు.

తర్వాత మాటల సంగతి. ఇంగ్లీషులో స్టేట్ అని ఒకటే మాట. తెలుగులో అది ఒకచోట రాష్ట్రం, ఇంకోచోట రాజ్యం. ప్రాథమిక హక్కుల భాగంలో 12వ అధికరణం చెప్పే రాజ్యంలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలతోపాటు స్థానిక సంస్థలూ వస్తాయి. అంటే తిరుపతి కార్పొరేషన్ కూడా అందులోదే. తెలుగు మీడియం పిల్లలు ఇక్కడే తికమకపడి మార్కులు పోగొట్టుకుంటారు. ప్రతి పదానికీ రెండు భాషల్లో అర్థం రాసుకునే ఒక నోట్‌బుక్ మొదటి రోజే పెట్టుకో.

ఎన్నికలు చదివేటప్పుడు సీట్లు చూసి ఆగిపోవద్దు. 2019లో టీడీపీకి సుమారు 39 శాతం ఓట్లొచ్చాయి, 175లో 23 సీట్లు దక్కాయి. 2024లో వైసీపీకి కూడా సుమారు 39 శాతమే, సీట్లు మాత్రం 11. ఓట్లు దాదాపు ఒకటే అయినప్పుడు సీట్లు సగానికి ఎందుకు పడ్డాయి? ఒక ఎన్నికలో ఎదుటివాళ్ళు విడివిడిగా నిలబడ్డారు, ఇంకోదాంట్లో ముగ్గురు కలిసి వచ్చారు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో నియోజకవర్గం వారీగా అంకెలున్నాయి. చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, ఈ మూడూ నీ చేత్తో పట్టిక వేసి చూడు. ఏ గైడూ ఇవ్వని అవగాహన ఒక్క సాయంత్రంలో వస్తుంది.

ప్లేటో, మాకియవెల్లి, రూసో గురించి గైడ్లు పరీక్ష ముందు రోజుకు పనికొస్తాయి. అంతకుముందు ఒక్కొక్కరివీ పది పేజీలైనా సొంతంగా చదివి ఉండాలి. రాజ్యాంగ సభ చర్చలూ అంతే. అందులో మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ మాట్లాడిన చోట్లు వెతికి చదువు. ఆయనే తర్వాత లోక్‌సభ స్పీకరయ్యారు.

సెమినార్‌కు టాపిక్ దూరంగా వెతకొద్దు. తిరుమల కొండమీది గుడి పెత్తనం ఈస్టిండియా కంపెనీ నుంచి 1843లో హథీరాంజీ మఠం మహంతులకు, అంటే మఠాధిపతులకు, ఎందుకు వెళ్ళింది, 1932 చట్టంతో దేవస్థానం కమిటీకి ఎందుకు వచ్చింది? కంపెనీ హిందూ గుడి నడపకూడదని అటు ఇంగ్లండులో క్రైస్తవ మిషనరీల ఒత్తిడి, ఇటు మద్రాసు శాసనసభ, మధ్యలో మఠం. మతం, ప్రభుత్వం, డబ్బు ఎలా ముడిపడతాయో చూడ్డానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. అలిపిరి నీ హాస్టల్ నుంచి ఎంతో దూరం కూడా లేదు.

నా తిరుత్తణి వ్యాసం ఇంకా బీరువాలో ఉంది, ఆ ఎర్రసిరా ప్రశ్నతో సహా. దసరా సెలవులకు చిత్తూరు వచ్చినప్పుడు తీసిస్తాను. నీ మొదటి పేపరు కూడా పట్టుకురా.

నీ పెదనాయన