అమ్మ దువ్వెనలో మిగిలిన వెంట్రుకలు

ప్రశ్న: అమ్మ పోయి నాలుగు నెలలైంది. ఆమె దువ్వెనలో చిక్కుకున్న నాలుగైదు వెంట్రుకలు పారేయడానికి చేతులు రావడం లేదు. రోజూ సొరుగు తెరిచి చూసుకుంటాను. కుదురు వైపు రెండంగుళాలు తెలుపు, ఆ తర్వాతంతా రంగేసిన నలుపు. మా ఆయన "ఇదేం పిచ్చి?" అని విసుక్కుంటారు. దానికి తోడు నెల రోజులుగా నా జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. బట్టతల వచ్చేస్తుందేమోనని భయం.

జవాబు: ముందు మీ జుట్టు సంగతి. తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. తీవ్రమైన జ్వరం, ఆపరేషన్, కాన్పు, అయినవాళ్ల చావు లాంటి దెబ్బ తగిలితే చాలా వెంట్రుకలు ఒక్కసారిగా పెరగడం మానేస్తాయి. అయితే వెంటనే ఊడవు. రెండు మూడు నెలలు అలాగే అంటిపెట్టుకుని ఉండి, అప్పుడు రాలతాయి. దీన్నే టెలోజన్ ఎఫ్లూవియం అంటారు. మీకు సరిగ్గా మూడు నెలలకే మొదలైంది చూడండి. కుదుళ్లు చచ్చిపోవు కాబట్టి ఈ రకంగా ఊడింది మళ్లీ వస్తుంది. సాధారణంగా ఆరు నెలల్లోపు రాలడం తగ్గుతుంది. పొడవు మాత్రం నెలకు ఒక సెంటీమీటరు చొప్పునే, తొందరపెట్టి లాభం లేదు.

అయినా ఒకసారి థైరాయిడ్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది) పరీక్షలు చేయించుకోండి. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు మింగుతుంటే రక్తం ఇచ్చే ముందే డాక్టరుకు చెప్పండి, అవి థైరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేయగలవు. గుండ్రంగా మచ్చల్లా ఊడుతుంటే అది వేరే జబ్బు, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక ఆ సొరుగు. రెండంగుళాల తెలుపంటే దాదాపు ఐదు నెలల పెరుగుదల. అంటే అమ్మ రంగు వేసుకోవడం మానేసిన రోజు దాని మీద గీత గీసినట్టు కనిపిస్తోంది. అప్పటికే ఒంట్లో బాగోలేదేమో, మీకే తెలియాలి. ఇంకా కింద, కొస దగ్గరున్నది ఆమె హాయిగా తిరిగిన రోజుల్లో పెరిగింది. అలాంటిదాన్ని పారేయలేకపోవడం పిచ్చేమీ కాదు. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా మహారాణి ఆయన వెంట్రుకల్ని లాకెట్లో పెట్టుకుని ధరించారు.

మీ ఆయన మీదా నాకు కోపం లేదు. రోజూ సొరుగు దగ్గర మీరు కూలబడటం, బాత్‌రూమ్‌లో జుట్టు ఉండలు, రెండూ ఆయన చూస్తున్నారు. ఆ విసుగు వెనకాల భయం ఉందని నా అనుమానం. రాలే జుట్టుకూ అమ్మ వెంట్రుకలకూ సంబంధం లేదని డాక్టరు నోట విననివ్వండి, ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. నిద్ర, తిండి కూడా మానేసి ఉంటే ఆ మాటా అక్కడే చెప్పండి, దిగులుకూ వైద్యం ఉంది.

వెంట్రుకల్ని దువ్వెనలోంచి మెల్లగా తీసి, పొడి కాగితపు కవరులో పెట్టండి. ప్లాస్టిక్‌లో తేమ పడుతుంది. పైన అమ్మ పేరు రాయండి. దువ్వెన ఉంచుకుంటారో లేదో, అది తర్వాత చూసుకోవచ్చు.