డిష్‌వాషర్ పైపు నహాని ట్రాప్‌లో దోపేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది బెంగళూరు హొరమావులో రెండో అంతస్తు, సొంతిల్లే. వంటిల్లు మార్పిస్తున్నాం. సింక్ కిటికీ కిందికి వస్తోంది, దాని పక్కన కొత్తగా డిష్‌వాషర్. పాత వేస్ట్ పైపు నోరు మాత్రం ఆరడుగుల అవతల ఉండిపోయింది. సింక్‌కి పొడుగాటి ఫ్లెక్సిబుల్ పైపు తగిలించి కబోర్డుల వెనక నుంచి లాగేద్దాం, మెషీన్ పైపు కింద నహాని ట్రాప్‌లో (నేల మీది నీళ్ళు పోయే జాలీ కింది గుంట) దోపేద్దాం అంటున్నాడు ప్లంబర్. వచ్చే వారమే గ్రానైట్. సరేననమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ. ముందు గ్రానైట్ వాళ్ళని నాలుగు రోజులు ఆగమనండి, ఎందుకంటే గట్టు పడ్డాక గోడ కొట్టాలంటే మీకూ మేస్త్రీకీ ఇద్దరికీ ఏడుపే.

ఫ్లెక్సిబుల్ పైపు అడుగున్నరకి పర్వాలేదు గానీ ఆరడుగులకి పనికిరాదు. దాని లోపలి ముడతల్లో చింతపండు పిప్పి, మెతుకులు, నూనె జిడ్డు పేరుకుంటాయి, పైగా మెషీన్ నీళ్ళు కూడా ఈ పైపులోకే పంపాలి (ఎందుకో కింద చెప్తాను), జిడ్డు కడాయిలకని 70 డిగ్రీల ప్రోగ్రామ్ పెట్టారనుకోండి, ఆ వేడికి పైపు మెత్తబడి మధ్యలో జారి ఉయ్యాలలా వేలాడుతుంది, అక్కడ నీళ్ళు నిలుస్తాయి. 40 ఎంఎం గట్టి పైపు వేయించి, గోడకి క్లాంపులు కొట్టించండి. వాలు మీటరుకి రెండున్నర సెంటీమీటర్లు, అంటే మీ ఆరడుగులకి దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు, రెండంగుళాలకి కాస్త తక్కువ. ఇప్పుడు టేపు తీసుకోండి. గట్టు ఎత్తు 34 అంగుళాలు, సింక్ లోతు 10 అనుకుంటే, సింక్ అడుగున బిగించే కప్లింగ్, దాని కింద వాసన రాకుండా నీళ్ళు నిలిపే ట్రాప్ పోను పైపు మొదలయ్యేది నేల నుంచి సుమారు 18 అంగుళాల దగ్గర. గోడలో పాత నోరు 16కి కిందే ఉంటే సరే, పైన ఉంటే దాన్ని దించాల్సిందే. లోతైన సింక్ ఇష్టపడి కొనేసి తర్వాత ఈ లెక్క చూసుకునేవాళ్ళే ఎక్కువ. మలుపు ఉన్నచోట డోర్ బెండ్ పెట్టించండి, జామ్ అయిన రోజు మూత విప్పి శుభ్రం చేసుకోవచ్చు.

ఇక మెషీన్ పైపు. నహాని ట్రాప్ నేలమట్టంలో ఉంటుంది కదా, పైపు పైకి లేవకుండా నేరుగా అందులోకి దిగితే మెషీన్ నీళ్ళు పట్టుకుంటుండగానే సైఫన్ పట్టి, అంటే నీళ్ళు వాటంతటవే కిందికి లాగేసుకుపోయి, ఖాళీ అయిపోయే ప్రమాదం ఉంది. మెషీన్ నీళ్ళు పడుతూనే ఉంటుంది, అవి పోతూనే ఉంటాయి, చివరికి ఎర్రర్ చూపించి ఆగుతుంది. ట్రాప్ కాస్త పూడితే పంపు వేగానికి వంటిల్లు చెరువే. బొద్దింకల సంగతి చెప్పక్కర్లేదు.

అందుకే మెషీన్ పైపుని సింక్ ట్రాప్‌కే కలపాలి. సింక్ కింద పెట్టే బాటిల్ ట్రాప్ (సీసాలాంటి ట్రాప్) కొనేటప్పుడే డిష్‌వాషర్‌కి పక్క నోరు ఉన్నది అడగండి. ఆ నోరు ట్రాప్‌లో నిలిచే నీటికి ముందు, సింక్ వైపు ఉండాలి. నీళ్ళ తర్వాత కలిపితే డ్రైనేజీ వాసన పైపులోంచి నేరుగా మెషీన్‌లోకి వస్తుంది. కొత్త ట్రాప్‌లో ఆ నోటికి లోపల ప్లాస్టిక్ బిళ్ళ అడ్డంగా ఉండొచ్చు, తీయడం మర్చిపోయి మెషీన్ చెడిపోయిందని కంప్లైంట్ పెట్టినవాళ్ళున్నారు. పైపుని మెషీన్ వెనక నుంచి గట్టు అడుగు దాకా ఎత్తి, అక్కడ క్లిప్‌తో బిగించి, ఆ తర్వాతే ట్రాప్‌కి దించాలి. మా ఇంట్లో బిగించడానికి వచ్చినతను ఈ ఎత్తు ఇవ్వకుండా నేల మీదే పాకించి వెళ్ళాడు. ఓ రోజు సింక్ జామ్ అయితే బియ్యం కడిగిన నీళ్ళు వెనక్కి మెషీన్ అడుగుకి చేరాయి, రెండు రోజులు ఆ పులిసిన కంపు ఎక్కడిదో తెలియలేదు. ఐదు రూపాయల క్లిప్ అండీ!

16 ఆంపియర్ల ప్లగ్గు, నీళ్ళ ట్యాపు మెషీన్ వెనక వద్దు, పక్క కబోర్డులో పెట్టించండి, చెయ్యి అందాలి. గట్టు కింద ఎత్తు మెషీన్ కొలత చూసుకుని ఖాయం చేయండి, చాలా మోడళ్ళు 85 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. అంటే 34 అంగుళాల గట్టు కింద మెషీన్ పై మూత తీస్తేగానీ పట్టకపోవచ్చు.

కబోర్డులు బిగించే ముందు సింక్ నిండా నీళ్ళు పట్టి, మెషీన్ నీళ్ళు వదిలే సమయానికి సింక్ బిరడా ఒక్కసారిగా తీసేయండి. ప్రతి జాయింటు కిందా పొడి టిష్యూ పేపర్ పెట్టి చూడండి. తడి కనబడితే ప్లంబర్‌కి డబ్బులివ్వకండి.