ఉబ్బిన బ్యాటరీ, ముగిసిన వారంటీ: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది పరకాల. ఇంట్లోనే బట్టలు కుడతాను. పద్నాలుగు నెలల కిందట హన్మకొండ చౌరస్తాలోని ఒక దుకాణంలో 23,000 రూపాయలకు స్మార్ట్‌ఫోన్ కొన్నాను. మూడు నెలల కిందట బ్యాటరీ ఉబ్బి వెనుక మూత కొంచెం లేచింది. పని నడుస్తోంది కదా అని అట్లాగే వాడాను. పోయిన వారం రాత్రి చార్జింగ్‌లో ఉండగా మంట లేచి పరుపు, గిరాకీలవి మూడు చీరలు కాలిపోయాయి. సర్వీస్ సెంటర్ వాళ్లు "వారంటీ ఏడాదే, పైగా లోపలికి నీళ్లు పోయాయి" అని నోటిమాటగా చెప్పారు, ఫోన్ తమ దగ్గర వదిలి వెళ్లమంటున్నారు. దుకాణదారు కంపెనీతోనే మాట్లాడుకోమంటున్నారు. ఈ మోడల్ విదేశాల్లోనూ కాలిందని యూట్యూబ్‌లో చూశాను. ఆ వీడియోలు చూపి కేసు వేయవచ్చా? ఫోన్ ఇచ్చేయాలా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఫోన్‌ను ఎవరికీ ఇవ్వకండి. ఈ కేసులో అబద్ధం చెప్పని సాక్షి అదొక్కటే. మళ్లీ చార్జింగ్ పెట్టకుండా, ఎండు ఇసుక పోసిన కుండలో, ఇంటి బయట నీడపట్టున ఉంచండి. ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు), ఫోన్ ఉన్న స్థితి, మీ ఫిర్యాదు రాసిన జాబ్ షీట్ చేతికి వచ్చాకే ఇవ్వండి. నీళ్లు పోయాయన్న మాటను కూడా ఆ కాగితం మీద రాసి ఇమ్మనండి. నోటిమాటతో పంపించేవారు కాగితం మీద ఆ మాట రాయడానికి చాలాసార్లు వెనుకాడతారని నా అనుభవం.

వారంటీ ముగిస్తే హక్కు కూడా ముగుస్తుందన్న అభిప్రాయం సరికాదు. వారంటీ అనేది కంపెనీ తనంతట తాను ఇచ్చిన మాట. వస్తువులో లోపానికి బాధ్యత మాత్రం 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వల్ల వచ్చినది. తయారీలో గానీ, రూపకల్పనలో గానీ లోపం ఉన్నా, ప్రమాదాన్ని నివారించే సూచనలు, హెచ్చరికలు సరిగా ఇవ్వకపోయినా తయారీదారు బాధ్యుడని సెక్షన్ 84 చెబుతుంది. గడువు ఎప్పుడు ముగిసినా లోపం లోపమేనని కంపెనీలే ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ 360 ఆట యంత్రాలు ఎర్రలైట్లు వెలిగి ఆగిపోతూ ఉంటే, ఆ లోపానికి 2007 జులైలో వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పక్కన పెట్టింది.

అయితే మీరు చూసిన వీడియోల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 విషయంలో ఏం జరిగిందో చూడండి. ఆగస్టులో అమ్మకానికి వచ్చిన ఫోన్లు కాలిపోతుంటే సెప్టెంబరులో వెనక్కి పిలిచారు, మార్చి ఇచ్చినవి కూడా కాలడంతో అక్టోబరులో తయారీనే ఆపేశారు. రెండు లక్షల ఫోన్లు, 30 వేల బ్యాటరీలు పరీక్షించిన మీదట 2017 జనవరిలో తేలింది ఏమిటంటే, ఇద్దరు తయారీదారుల బ్యాటరీలలో రెండు వేర్వేరు లోపాలున్నాయి: ఒకదానిలో మూల దగ్గర లోపలి పొర వంగింది, మరొకదానిలో వెల్డింగ్ మొనలు పొడుచుకొచ్చాయి. పేరు ఒకటే అయినా ఒక ఫోన్‌లోని లోపం మరొక ఫోన్‌లో లేదు. వేరే దేశంలో కాలిన ఫోన్ మీ ఫోన్ గురించి సాక్ష్యం చెప్పలేదని ఎదుటి న్యాయవాది ఇదే వాదిస్తారు, ఆ వాదనలో బలం ఉంది.

కంపెనీయే స్వయంగా ప్రకటిస్తే సంగతి వేరు. మన దగ్గర చాలామందికి 2007 ఆగస్టు గుర్తుండే ఉంటుంది. నోకియా తన బీఎల్-5సీ బ్యాటరీలలో ఒక తయారీదారు చేసిన 4.6 కోట్ల బ్యాటరీలు వేడెక్కే ప్రమాదం ఉందని ప్రకటించి ఉచితంగా మార్చి ఇస్తామన్నప్పుడు, జనం బ్యాటరీ వెనుక ఉన్న 26 అక్షరాల నంబరు చూసుకున్నారు. మీ మోడల్‌కు అటువంటి అధికారిక ప్రకటన ఉండి, మీ నంబరు అందులోకి వస్తే ఆ కాగితం వంద వీడియోల పెట్టు.

అది లేనప్పుడు దారి అదే చట్టంలోని సెక్షన్ 38లో ఉంది. పరీక్షిస్తే తప్ప తేలని లోపమైతే, ఇటువంటి కేసులు వినే జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును సీలు వేసి తగిన ప్రయోగశాలకు పంపుతుంది, పరీక్ష రుసుము ముందుగా మీ చేత కట్టించుకోవచ్చు. నీళ్లు పోయాయా లేదా అన్నది కూడా అక్కడే తేలాలి. ఫోన్ ఇవ్వవద్దని మొదటే చెప్పింది ఇందుకే.

మీ కేసులో బలహీనత కూడా చెప్పాలి. మూడు నెలల కిందట ఉబ్బు కనిపించిందని మీరే రాశారు. అంటే అప్పటికి పదకొండో నెల, వారంటీ ఇంకా ఉంది. ఆ రోజుల్లో ఎవరికైనా వాట్సాప్‌లో ఫోటో పంపి ఉంటే, లోపం వారంటీలోనే బయటపడిందనడానికి అది గట్టి ఆధారం. అదే ఫోటో చూపి, "ఉబ్బిందని తెలిసీ ఎందుకు చార్జింగ్ పెట్టారు" అని ఎదుటివారు సెక్షన్ 87 కింద దుర్వినియోగం వాదిస్తారు. ఉబ్బిన బ్యాటరీతో ప్రమాదమని ఫోన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఎక్కడైనా హెచ్చరించారేమో ఒకసారి చదవండి. లేకపోతే ఆ తప్పు వారిది అవుతుంది. చార్జర్ కంపెనీదేనా అని కూడా అడుగుతారు. వేరేది వాడితే దాచకుండా మీ న్యాయవాదికి చెప్పండి.

నష్టాన్ని రెండు భాగాలుగా అడగాలి. ఉత్పత్తి బాధ్యత (లోపం ఉన్న వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత) కింద వచ్చే "హాని"లో ఆ వస్తువుకే జరిగిన నష్టం చేరదు. కాబట్టి ఫోన్ ధరను లోపం ఉన్న వస్తువు అమ్మినందుకు సెక్షన్ 39 కింద, పరుపు, చీరల నష్టాన్ని ఉత్పత్తి బాధ్యత కింద విడిగా రాయించండి. గిరాకీలకు చీరల డబ్బు కట్టి ఇచ్చి ఉంటే వారి చేత రసీదు రాయించుకోండి. మొత్తం ధర వాపసు రావడం ఖాయమని మాత్రం అనుకోవద్దు. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ చెప్పేది లోపించిన భాగాన్ని మార్చడమే తప్ప కారునంతా మార్చడం కాదని చెప్పింది. మీ ఫోన్ పూర్తిగా కాలి ఉంటే ఆ తీర్పు మీకు అంతగా అడ్డు రాదు. యాభై వేల నష్టానికి పది లక్షలు అడిగితే మాత్రం మీ మాట మీదే కమిషన్‌కు నమ్మకం తగ్గుతుంది.

దుకాణదారు మాటలో సగం నిజం ఉంది. అమ్మకందారు విడిగా హామీ ఇచ్చినప్పుడో, తయారీదారు ఎవరో తెలియనప్పుడో, ఇలా కొన్ని సందర్భాల్లోనే సెక్షన్ 86 అతడిని ఉత్పత్తి బాధ్యతలోకి లాగుతుంది. అయినా డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చినవాడు కాబట్టి కంపెనీతో పాటు అతడినీ ప్రతివాదిగా చేర్చండి.

మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి పోనక్కరలేదు. వస్తువు ధర ఐదు లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. కేసు వేయడానికి గడువు, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి ఆ నంబరు రాసుకోండి. తరువాత బిల్లు నకలు, కాలిన వస్తువుల ఫోటోలు జతచేసి కంపెనీకి, దుకాణదారుకు పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అది అందిన రుజువును కూడా బిల్లుతో పాటే దాచండి.