మీ బ్యాండు ముసోర్గ్‌స్కీని ఎత్తుకునే ముందు

చిరంజీవి అమ్ములుకి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. మీ నలుగురూ కలిసి రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’ని రాక్ బ్యాండుకి మలిచి కాలేజీ ఫెస్ట్‌లో వాయించాలనుకుంటున్నారని, దాన్నే వాయించిన బ్రిటిష్ రాక్ బ్యాండు ఎమర్సన్, లేక్ అండ్ పామర్ రికార్డు రోజూ వింటున్నారని రాశావు. చాలా సంతోషమేసింది. ఆ రికార్డంటే నాకెంత పిచ్చో నీకు తెలుసు. అయినా నా మొదటి సలహా ఇదే: కొన్నాళ్లు దాన్ని పక్కన పెట్టండి.

1971 మార్చి 26న న్యూకాజిల్ సిటీ హాల్లో జనం ముందు వాయిస్తుండగా రికార్డు చేశారు దాన్ని. ఆ హాల్లోని పైపు ఆర్గన్ మీద కీబోర్డిస్టు కీత్ ఎమర్సన్ ప్రొమెనాడ్ అనే ఆరంభ భాగం మొదలుపెడితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ అదే చెవుల్లో పెట్టుకుని కూర్చుంటే మీ చేతులు తెలియకుండానే ఎమర్సన్ చేసిందే చేస్తాయి. ఆయన స్కోరు, అంటే స్వరకర్త రాసిన స్వరలిపి, చూసి తన దారి వెతుక్కున్నాడు. మీరూ ఆ స్కోరు దగ్గరికే వెళ్లాలి. ముసోర్గ్‌స్కీ 1874లో దీన్ని ఒక్క పియానో కోసమే రాశాడు. మనం ఎక్కువగా వినే ఆర్కెస్ట్రా రూపం 1922లో ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ చేసింది. నువ్వు పియానో స్కోరే తీసుకో. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ముసోర్గ్‌స్కీ దీన్ని ఎందుకు రాశాడో కూడా మీ నలుగురికీ తెలియాలి. ఆయన స్నేహితుడు విక్టర్ హార్ట్‌మన్ ఆర్కిటెక్టు, బొమ్మలు కూడా వేసేవాడు. 1873లో, నలభై నిండకుండానే పోయాడు. మరుసటి ఏడాది పీటర్స్‌బర్గ్‌లో అతని బొమ్మలు ప్రదర్శనకు పెట్టారు. ఆ బొమ్మల మధ్య ముసోర్గ్‌స్కీ నడకే ప్రొమెనాడ్. స్కోరు మీద ‘రష్యన్ పద్ధతిలో, ఉల్లాసం లేకుండా, కాస్త నిలకడగా’ అని ఇటాలియన్‌లో ఉంటుంది. అందుకే మీ డ్రమ్మర్ బాబుకి చెప్పు, అది డ్యాన్స్ బీట్ కాకూడదని.

ఆ నడకలో లెక్క చూడు. ఒక బార్‌కి, అంటే తాళంలో ఒక ఆవర్తానికి, అయిదు దెబ్బలు, తర్వాతి బార్‌కి ఆరు, మళ్లీ అయిదు, మళ్లీ ఆరు. కలిపి పదకొండు. మొదట రాగం ఒక్క గొంతులా ఒంటరిగా వస్తుంది, వెంటనే అదే పలుకు కార్డ్స్‌తో, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులతో, నిండుగా వస్తుంది, భజనలో ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకున్నట్టు. ఈ రెండూ పట్టుబడ్డాకే వాయిద్యాలు ముట్టుకోండి. వారం రోజులు నలుగురూ చేత్తో తాళం వేస్తూ నోటితో పాడండి. పదకొండుని పన్నెండు చేసి నాలుగు నాలుగుగా సర్దేస్తే పని తేలికవుతుంది కానీ, ఆ నడక పోతుంది.

కార్డ్స్ వచ్చే చోట ఇంకో జాగ్రత్త. మీ గిటారిస్టు డిస్టార్షన్ (గరగరమనే మోత) పెట్టుకుని కార్డ్ మొత్తం వాయిస్తే స్వరాలు ఒకదాన్నొకటి తినేసి ముద్దగా వినిపిస్తాయి. గిటార్‌కి రూట్ (కార్డ్ మూల స్వరం), ఫిఫ్త్ (దాని నుంచి అయిదో స్వరం) మాత్రమే ఇవ్వు. థర్డ్ (మూడో స్వరం) నీ కీబోర్డు చేతిలో ఉంచుకో. నీ ఎడమ చెయ్యి కిందికి దిగకుండా చూసుకో, అక్కడ బాస్ గిటార్ ఉంది. పియానోలో రెండు చేతులు చేసే పనిని నలుగురు పంచుకోవాలి గానీ నలుగురూ అదే పని చేయకూడదు.

ఇప్పుడు అసలు విషయం. మొత్తం వాయించాలని పట్టుబట్టకండి. ముసోర్గ్‌స్కీలో పది బొమ్మలుంటే ఎమర్సన్ వాళ్లు నాలుగే తీసుకున్నారు: నోమ్ (మరుగుజ్జు), ఓల్డ్ కాజిల్ (పాత కోట), బాబా యాగా (రష్యన్ కథల్లోని మంత్రగత్తె) గుడిసె, కీవ్ మహాద్వారం. మిగతావి వదిలేసి, ఆ చోట్లో తమ సొంత సంగీతం పెట్టుకున్నారు. రెండో ప్రొమెనాడ్‌కి మాటలు కట్టి బ్యాండు గాయకుడు గ్రెగ్ లేక్ పాడాడు. ఆ వెంటనే వచ్చే ‘ది సేజ్’ పూర్తిగా అతని పాటే, అకౌస్టిక్ గిటార్ మీద. అంత హోరు మధ్య అది ఎంత చల్లగా ఉంటుందో! రావెల్ అంతటివాడే ఒక ప్రొమెనాడ్ తీసేశాడు. వదిలేయడానికి భయపడకండి.

అయితే వదిలేసిన దానికీ ఒక ధర ఉంటుంది. ఓల్డ్ కాజిల్ చూడు. పియానోలో ఎడమ చేతి కింద ఒకే స్వరం మొదటి నుంచి చివరి దాకా శ్రుతిగా మోగుతూనే ఉంటుంది. దాని మీద ఆ పాట దిగులుగా ఊగుతుంది. ఎమర్సన్ వాళ్లు దాన్ని వేగం పెంచి షఫుల్ (గెంతే లయ) చేసి, బ్లూస్‌లోకి తీసుకెళ్లారు. వాయింపు అద్భుతమే. కానీ ఆ దిగులు లేదు. ఆ రికార్డులో నా మనసు ఒప్పని చోటు అదొక్కటే. మీరు ఓల్డ్ కాజిల్ తీసుకుంటే ఆ ఒక్క స్వరాన్ని బాస్‌కి అప్పజెప్పండి, కదలనివ్వకండి.

వాళ్లు ముట్టుకోనిది ఒకటుంది, నాకైతే అది మీ కోసమే మిగిలినట్టుంది. కాటకాంబ్స్ (నేల కింద సమాధులు) అనే బొమ్మ తర్వాత, చనిపోయినవారితో వారి మృతభాషలో మాట్లాడటం అనే అర్థంతో లాటిన్ పేరున్న చిన్న భాగం వస్తుంది. పైన కుడి చెయ్యి సన్నగా వణుకుతూ ఉంటుంది. కింద అదే ప్రొమెనాడ్ రాగం, ఈసారి దిగులుగా వినిపించే మైనర్ స్కేలులో. హార్ట్‌మన్ ఆత్మ తనను పుర్రెల దగ్గరికి తీసుకెళ్లిందని, అవి మెల్లగా వెలగసాగాయని ముసోర్గ్‌స్కీ అక్కడ రాసుకున్నాడు. గిటార్ వాల్యూమ్ పెడల్‌తో ఆ వణుకు తెచ్చి, నువ్వు కింద రాగం వాయించు. డ్రమ్స్ అసలు వద్దు. ఇది బాగా కుదిరితే తర్వాత మహాద్వారానికి మీరు ఎంత గట్టిగా వాయించినా చెల్లుతుంది.

అన్ని రచనలూ బ్యాండుకి లొంగవు. రచన లోపలే రాక్ వాయిద్యాలను పిలిచేది ఏదో ఉండాలి. అర్జెంటీనా స్వరకర్త హినాస్టెరా 1961 పియానో కన్చెర్టోలో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) చివరి భాగం టొకాటా చూడు, అందులో పియానోని డ్రమ్ములా కొట్టిస్తాడు. అందుకే 1973లో ఎమర్సన్ వాళ్ల ‘బ్రెయిన్ సలాడ్ సర్జరీ’ రికార్డులో అది అంత సహజంగా ఒదిగింది. ప్రచురణకర్తలు మొదట ఒప్పుకోకపోతే ఎమర్సన్ జెనీవా వెళ్లి, టేపు స్వయంగా ఆ పెద్దాయనకే వినిపించి ఒప్పించుకున్నాడు. నాకు వాయింపు కన్నా ఆ పని ఎక్కువ నచ్చుతుంది. ఎందుకంటే అదే బ్యాండు 1970 నాటి మొదటి ఆల్బమ్‌లో ‘ది బార్బేరియన్’ స్వరకర్త బార్టోక్‌ది, ‘నైఫ్ ఎడ్జ్’ స్వరకర్తలు యానాచెక్, బాఖ్‌లది అయినా మొదట్లో వాళ్ల పేర్లు వేయలేదు.

కాబట్టి పోస్టర్ మీద ముసోర్గ్‌స్కీ పేరు మీ బ్యాండు పేరంత పెద్దగా ఉండాలి. మన దేశంలో స్వరకర్త పోయాక అరవై ఏళ్ల దాకా హక్కులుంటాయి. ముసోర్గ్‌స్కీ 1881లోనే పోయాడు కాబట్టి ఇబ్బంది లేదు. హినాస్టెరా 1983లో, అమెరికన్ స్వరకర్త కోప్లండ్ 1990లో పోయారు, వాళ్లవి అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. లేక్ రాసిన మాటలు కూడా అంతే, అవి పాడకండి. కావాలంటే నువ్వే తెలుగులో నాలుగు లైన్లు రాయి.

మీ నాన్న ‘క్లాసికల్‌ని పాడు చేస్తున్నారు’ అంటున్నాడని రాశావు. వాడికి ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు వినిపించు. ఇంగ్లీషు బ్యాండు ట్యూన్లకు ఆయన సంస్కృత సాహిత్యం కట్టారు. ‘సంతతం పాహిమాం’ ట్యూన్ ‘గాడ్ సేవ్ ది కింగ్’దే అని చెప్పు.

ముసోర్గ్‌స్కీ కన్నా ముందు చేతులు కుదరడానికి చిన్నది ఒకటి చెయ్యండి. ల్యూట్ అనే పాత తీగ వాద్యానికి బాఖ్ రాసిన E మైనర్ సూట్‌లోని బూరే అనే నృత్య భాగం. 1969లో జెత్రో టల్ అనే రాక్ బ్యాండు దాన్ని ఫ్లూట్‌తో స్వింగ్ చేసి వాయించింది. అందులో ఉన్నవి రెండే గొంతులు, పైది, కిందది. పైది నువ్వు తీసుకుని కిందది బాస్‌కి ఇవ్వు. డ్రమ్మర్‌కి బ్రష్‌లు ఇచ్చి మెల్లగా వాయించమను. ఒకరి మాట ఒకరికి వినిపిస్తోందా లేదా అన్నది అందులోనే తేలిపోతుంది.

సోలోల గురించి ఎక్కువ చెప్పను. ఒక్కొక్కరికి ఎన్ని బార్లో ముందే కాగితం మీద రాసుకోండి. ఫెస్ట్ స్టేజి మీద టెన్షన్‌లో ఆ లెక్క గుర్తుండదు.

బూరే కుదిరాక ఫోన్‌లో రికార్డు చేసి పంపు. బాస్ ఒక్కటే ఒకసారి, నలుగురూ కలిసి ఒకసారి వాయించండి. మిక్స్ చేయొద్దు, ఉన్నదున్నట్టు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న